ఆకలి మాట ఎవరికి వినిపిస్తోంది? ఇంట్యూటివ్ ఈటింగ్‌లో స్త్రీలు, పురుషులు, బరువు

ఇంట్యూటివ్ ఈటింగ్ అంటే ఒళ్లు చెప్పే ఆకలి, తృప్తి సంకేతాలను బట్టి తినడం. పెద్దవారిలో దీన్ని కొలిచిన అధ్యయనాల్లో రెండు ఫలితాలు తరచూ కనిపిస్తాయి. పురుషుల సగటు స్కోరు స్త్రీల సగటు కంటే ఎక్కువ. స్కోరు ఎక్కువున్నవారి బీఎంఐ (ఎత్తును బట్టి బరువును చూపే సూచీ) తక్కువ. పైపైన చదివితే ‘ఆడవాళ్లకు తిండి మీద అదుపు తక్కువ’ అనీ, ‘ఆకలిని బట్టి తింటే చాలు, సన్నబడతారు’ అనీ అనిపిస్తుంది. లోతుగా చూస్తే ఈ రెండు మాటలూ నిలబడవు. ఒక మనిషి ఆకలిని ఎన్నిసార్లు, ఎంతకాలం తొక్కిపెట్టారన్నదే ఈ తేడాల్లో పెద్ద భాగం. ఆ తొక్కిపెట్టడం స్త్రీలకు ఎక్కువ, లావుగా ఉన్నవారికి ఎక్కువ, లావుగా ఉన్న స్త్రీలకు మరీ ఎక్కువ.

ఈ పద్ధతికి పేరు పెట్టినవారు అమెరికన్ డైటీషియన్లు ఎవిలిన్ ట్రిబోలీ, ఎలీస్ రెష్. 1995లో వారు పది సూత్రాలుగా దీన్ని ముందుకు తెచ్చారు. ఆకలి వేసినప్పుడు తినాలి, కడుపు నిండిందని తెలిసినప్పుడు ఆపాలి, ఏ పదార్థాన్నీ నిషేధం కింద పెట్టకూడదు, బాధకో విసుగుకో తిండిని మందుగా వాడకూడదు. సారం ఇంతే. అయితే దీన్ని అంకెల్లోకి తెచ్చాకే పరిశోధన ఊపందుకుంది. మనస్తత్వ శాస్త్రవేత్త ట్రేసీ టిల్కా 2006లో 21 ప్రశ్నల స్కేలు తయారు చేశారు. దాన్ని పరీక్షించింది కాలేజీ యువతుల మీద. 2013లో వచ్చిన రెండో స్కేలులో 23 ప్రశ్నలున్నాయి, దాన్ని పురుషుల మీద కూడా పరీక్షించారు. ప్రతి ప్రశ్నకూ ఒకటి నుంచి ఐదు వరకు మార్కులు. ప్రశ్నలు నాలుగు భాగాలు: తినడానికి తనకు తాను ఆంక్షలు పెట్టుకోకపోవడం, మనసు బాగోలేక కాకుండా ఒంటి ఆకలి కోసం తినడం, ఆకలీ తృప్తీ చెప్పే సంకేతాలను నమ్మడం, ఒంటికి సరిపడే తిండిని ఎంచుకోవడం.

ఈ నాలుగింటినీ విడదీసి చూడకపోతే స్త్రీ పురుష భేదం గానీ, బరువుతో సంబంధం గానీ అర్థం కావు. చాలా వార్తా కథనాలు మొత్తం స్కోరు దగ్గరే ఆగిపోతాయి. పొరపాటు అక్కడే మొదలవుతుంది.

అమెరికాలోని మిన్నెసోటాలో పిల్లల్ని యవ్వనం దాకా వెంబడించిన ప్రాజెక్ట్ ఈట్ అధ్యయనంలో 2,287 మంది యువతీ యువకుల సమాధానాలను 2013లో విశ్లేషించారు. వారి సగటు వయసు 25 ఏళ్లు. ఎంత తినాలో ఒళ్లే చెబుతుందని నమ్మేవారు యువకుల్లో ఎక్కువగా, యువతుల్లో తక్కువగా తేలారు. ఫ్రాన్స్‌లోని న్యూట్రినెట్ సాంటే అధ్యయనం ఇంకా పెద్దది: 11,774 మంది పురుషులు, 40,389 మంది స్త్రీలు. 2016లో వచ్చిన దాని ఫలితాల ప్రకారం స్కోరు పెరిగేకొద్దీ అధిక బరువు, ఊబకాయం ఉండే అవకాశం ఇద్దరిలోనూ తగ్గింది, కానీ స్త్రీలలో ఆ సంబంధం మరింత గట్టిగా ఉంది. న్యూజిలాండ్‌లో 40 నుంచి 50 ఏళ్ల మధ్య ఉన్న 1,601 మంది స్త్రీల మీద 2012లో వచ్చిన అధ్యయనమూ స్కోరుకు, బీఎంఐకి ఇలాంటి సంబంధాన్నే చూపింది.

భాగాలుగా చూస్తే సంగతి మారుతుంది. బరువుతో గట్టిగా ముడిపడేవి ‘ఒంటి ఆకలి కోసం తినడం’, ‘సంకేతాలను నమ్మడం’ అనే రెండు భాగాలు. ఆంక్షలు లేకపోవడమన్న భాగానికి బరువుతో సంబంధం అంత స్థిరంగా లేదు. పైగా అదే ఫ్రెంచ్ అధ్యయనం నుంచి 2017లో వచ్చిన ఆహార విశ్లేషణలో, సంకేతాలను నమ్మేవారి తిండి మెరుగ్గా ఉంటే, ఆంక్షలు లేవని చెప్పినవారు పండ్లు, కూరగాయలు, ముడి ధాన్యాలు తక్కువగా తింటున్నట్టు తేలింది. అంటే ‘ఏదైనా తినొచ్చు’ అన్న ఒక్క ముక్కను పట్టుకుని మిగతా మూడింటినీ వదిలేస్తే దక్కేది ఇంట్యూటివ్ ఈటింగ్ కాదు. ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌లో ఎక్కువగా ప్రచారమవుతున్నది ఆ ఒక్క ముక్కే.

ఇక అసలు ప్రశ్న. బరువు తక్కువుండటం వల్ల ఆకలి మాట వినగలుగుతున్నారా, విన్నందువల్ల బరువు తక్కువుంటోందా? పైన చెప్పిన సర్వేలు ఒకే సమయంలో రెండింటినీ కొలిచినవి. బాణం ఎటు తిరిగిందో అవి చెప్పలేవు. లావుగా ఉన్న మనిషికి చిన్నప్పటి నుంచే ‘అన్నం తగ్గించు’ అన్న మాట వినిపిస్తుంది. బంధువులు అంటారు, బట్టల షాపులో అంటారు, మోకాలి నొప్పికి వెళ్తే డాక్టరూ అదే మాటతో మొదలుపెడతారు. డైటింగ్ మొదలవుతుంది. డైటింగ్ చేస్తున్న మనిషిని ‘కొన్ని పదార్థాలను తినకూడదని పెట్టుకున్నారా’ అని అడిగితే అవుననే చెబుతారు, స్కోరు పడిపోతుంది. అక్కడ బరువే స్కోరును లాగింది.

ఆంక్ష ఆకలిని ఏం చేస్తుందో తెలియాలంటే 1944 నవంబరులో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ మొదలుపెట్టిన ప్రయోగాన్ని చూడాలి. యుద్ధంలో చేరడానికి మనస్సాక్షి ఒప్పుకోని 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు స్వచ్ఛందంగా ముందుకొచ్చారు. 24 వారాల పాటు వారికి రోజుకు సుమారు 1,570 కిలో కేలరీల తిండి పెట్టారు. ఒంటి బరువులో దాదాపు నాలుగో వంతు పోయింది. అంతవరకు తిండి ఊసే ఎత్తని మగవాళ్లు వంటల పుస్తకాలు సేకరించారు, పళ్లేలు నాకారు, గంటల తరబడి తిండి గురించే మాట్లాడుకున్నారు. కొందరు దొంగచాటుగా తిని తర్వాత తమను తాము నిందించుకున్నారు. తిరిగి కడుపునిండా తిండి పెట్టాక కూడా చాలామందికి ఎంత తిన్నా తృప్తి కలగలేదు. ‘ఆడవాళ్ల బలహీనత’ అని ఈ రోజు చెప్పే లక్షణాలన్నీ అక్కడ మగవాళ్లలో కనిపించాయి. కావాల్సిందల్లా కొన్ని నెలల అరకొర తిండి. నేడు ఆన్‌లైన్‌లో అమ్ముతున్న డైట్ ప్లాన్లలో చాలావాటి కేలరీలు ఆ 1,570 కంటే తక్కువే.

1975లో పీటర్ హెర్మన్, డెబొరా మాక్ యువతుల మీద చేసిన మిల్క్‌షేక్ ప్రయోగం దీనికి రెండో సగం. తిండి మీద ఆంక్షలు లేనివారు ముందుగా మిల్క్‌షేక్ తాగితే, ఆ తర్వాత పెట్టిన ఐస్‌క్రీమ్ తక్కువ తిన్నారు. ఆంక్షలు పెట్టుకున్నవారు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీమ్ ఇంకా ఎక్కువ తిన్నారు. ‘ఎలాగూ చెడిపోయింది కదా’ అన్న ఆలోచన కడుపు చెప్పే మాటను కప్పేసింది. ఆదివారం బిర్యానీతో ‘డైట్ చెడిపోయింది’ అనుకుని రాత్రి దాకా తింటూనే ఉండటం ఈ కోవలోదే.

శరీర ధర్మంలో తేడా లేదని కాదు. కొవ్వు కణాల నుంచి వచ్చి ‘చాలు’ అని మెదడుకు చెప్పే లెప్టిన్ హార్మోన్‌ను 1994లో, ఆకలి పుట్టించే గ్రెలిన్‌ను 1999లో కనుగొన్నారు. ఒకే బీఎంఐ ఉన్న స్త్రీ పురుషుల్లో స్త్రీల రక్తంలో లెప్టిన్ ఎక్కువ. ఊబకాయంలో లెప్టిన్ దండిగా ఉన్నా మెదడు దానికి సరిగా స్పందించదు, అందుకే లావుగా ఉన్నవారికి ‘చాలు’ అన్న కబురు ఆలస్యంగా, బలహీనంగా అందవచ్చు. స్త్రీలలో అండం విడుదలైన తర్వాత, నెలసరికి ముందున్న రెండు వారాల్లో ఆకలి కొంత పెరుగుతుంది. గర్భిణికి రోజుకు 350 కిలో కేలరీలు, పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు 600, తర్వాతి ఆరు నెలలు 520 అదనంగా కావాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 లెక్క. స్త్రీ ఆకలి నెలలోనూ, జీవితంలోనూ మారుతూ ఉండే ఆకలి. అది మారినప్పుడల్లా ‘అదుపు తప్పింది’ అని భయపడితే సంకేతం మీద నమ్మకం పోతుంది. పురుషుడికి ఈ ఎగుడుదిగుళ్లు తక్కువ. ఐసీఎంఆర్ లెక్కలో కూర్చుని పని చేసే 65 కిలోల పురుషుడికి రోజుకు 2,110 కిలో కేలరీలు, 55 కిలోల స్త్రీకి 1,660. ఇద్దరికీ ఒకే పళ్లెం, ఒకే కొలత పెట్టే ఇంట్లో ఎవరో ఒకరికి లెక్క తప్పుతుంది.

తెలుగు రాష్ట్రాల సంగతి చూద్దాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో బీఎంఐ 25, ఆ పైన ఉన్నవారు ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 36.3 శాతం, పురుషుల్లో 31.1 శాతం. తెలంగాణలో స్త్రీలు 30.1, పురుషులు 32.3 శాతం. అదే సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6 శాతం. రెండింటినీ కలిపి చూస్తే, లావుగా ఉంటూనే పోషకాలు చాలని స్త్రీలు చాలామంది ఉండే అవకాశముంది. అలాంటి స్త్రీని పూటకు రెండు ఇడ్లీలకు కుదిస్తే బరువు సంగతేమో గానీ రక్తహీనత ముదురుతుంది. ఆ నీరసాన్ని ఆమె ఆకలి అనుకోవచ్చు. ఆకలిని నీరసం అనుకుని టీతో సరిపెట్టుకోనూ వచ్చు. రెండు వైపులా సంకేతం తప్పుతుంది.

మన ఇళ్లలో ఆకలిని తొక్కిపెట్టే పద్ధతులు డైటింగ్ కంటే పాతవి. అందరికీ వడ్డించాక తినే ఇల్లాలు మధ్యాహ్నం ఒంటిగంటకు వేసిన ఆకలిని మూడింటికి తీర్చుకుంటుంది. అప్పటికి ఆకలి చచ్చిపోయి ఉంటుంది, లేదా నకనకలాడుతూ ఉంటుంది. గిన్నెలో మిగిలిన రెండు ముద్దలు పారేయలేక తినేస్తుంది. ఆ రెండు ముద్దలకూ ఆకలితో పని లేదు, అన్నం వృథా చేయకూడదన్న విలువతో పని. ఇది రోజూ జరిగితే స్కేలు మీద ‘సంకేతాలను నమ్మడం’ అన్న భాగం పడిపోతుంది. ఆమె మనస్తత్వంలో లోపమేమీ లేదు, వడ్డన వరుసలో ఉంది. మగవారికి ఇంకో రకం ఒత్తిడి. కొసరి కొసరి వడ్డిస్తుంటే వద్దనడం మర్యాద కాదు, చుట్టం పళ్లెంలో వదిలేస్తే వండినవారిని చిన్నబుచ్చినట్టు. రాత్రి షిఫ్టు ఉద్యోగం, పదిన్నరకు భోజనం, మందుతో పాటు వేపుళ్లు. వీటిలో ఏదీ ‘బాధగా ఉన్నప్పుడు తింటారా’ అన్న ప్రశ్నకు చిక్కదు.

పురుషుల ఎక్కువ స్కోరును ఉన్నదున్నట్టు తీసుకోకూడదనడానికి ఇదో కారణం. భావోద్వేగాల భాగంలోని ప్రశ్నలు ఆందోళన, దిగులు, ఒంటరితనం, విసుగు, ఒత్తిడి చుట్టూ తిరుగుతాయి. దిగులుగా ఉందని ఒప్పుకోవడం మగవారికి అలవాటు లేని సమాజంలో వారి మార్కులు వాటంతటవే పెరుగుతాయి. స్నేహితులతో గెలుపు సంబరంలో తిన్నది, తాగినప్పుడు తిన్నది లెక్కలోకి రావు. జిమ్‌కు వెళ్లే యువకుడు రోజుకు ఆరు గుడ్లు, రెండు స్కూప్‌ల ప్రోటీన్ పౌడర్ అని గడియారం చూసి తింటాడు. అదీ ఆకలిని పక్కన పెట్టడమే. కానీ అతను తక్కువ తినడం లేదు కాబట్టి ఎవరూ దాన్ని ఆంక్షగా చూడరు.

మన దగ్గర ఈ స్కేలును వాడేవారికి ఇంకో చిక్కుంది. శనివారం ఒక్కపూట, ఏకాదశి ఉపవాసం, కార్తీక సోమవారాలు, రంజాన్ రోజాలు, మాంసం ముట్టని ఇళ్లు. ‘మీరు తినకూడదని పెట్టుకున్న పదార్థాలున్నాయా’ అని అడిగితే వీరంతా ఉన్నాయనే చెబుతారు. బరువు భయంతో స్వీటు మానేసిన మనిషికీ, నమ్మకంతో ఉల్లిపాయ మానేసిన మనిషికీ ఒకే మార్కు పడుతుంది. ప్రశ్న వెంటే ‘ఎందుకు’ అని అడగని సర్వే తెలుగు స్త్రీల స్కోరును నిజం కంటే తక్కువగా చూపించే ప్రమాదముంది. శనివారం ఉపవాసాన్ని బరువు తగ్గే సాకుగా మార్చుకున్నవారూ ఉంటారు. వారిని పట్టేదీ ఆ ‘ఎందుకు’ అన్న ప్రశ్నే.

ఇంట్యూటివ్ ఈటింగ్‌తో బరువు తగ్గుతుందా అన్నదానికి ఉన్న జవాబు అంత ఊరించేది కాదు. 2005లో లిండా బేకన్, సహ పరిశోధకులు ఊబకాయం ఉండి ఏళ్ల తరబడి డైటింగ్ చేసిన 78 మంది స్త్రీలను రెండు జట్లు చేసి రెండేళ్లు చూశారు. డైట్ జట్టు బరువు తగ్గి, తిరిగి పెరిగింది. ఆ జట్టులో 41 శాతం మంది మధ్యలోనే మానేశారు. ఆకలిని నమ్మడం నేర్చుకున్న జట్టులో మానేసింది 8 శాతం. వారి బరువు తగ్గలేదు, పెరగలేదు. రక్తపోటు, కొలెస్ట్రాల్, ఆత్మగౌరవం మెరుగయ్యాయి. కాబట్టి దీన్ని సన్నబడే మార్గంగా అమ్మేవారిని నమ్మకూడదు. పాడైన సంకేతాన్ని బాగు చేసే పనిగా దీనికి విలువుంది, ఆ విలువ తక్కువది కాదు.

ఆ బాగు ఎలా మొదలుపెట్టాలంటే, రెండు వారాల పాటు ప్రతి భోజనానికీ నాలుగు విషయాలు రాసుకోవాలి: సమయం, తినే ముందు ఆకలి అంకె, ముగించాక తృప్తి అంకె, అప్పుడు ఇంట్లో లేదా ఆఫీసులో ఏం జరుగుతోంది. అంకెలు 0 నుంచి 10. సున్నా అంటే కళ్లు తిరిగేంత ఆకలి, పది అంటే కదల్లేనంత నిండుదనం. 3 లేదా 4 దగ్గర మొదలై 6 లేదా 7 దగ్గర ముగిస్తే మేలు. ఏం తిన్నారు, ఎన్ని కేలరీలు అన్నది రాయకూడదు. రాస్తే నాలుగో రోజుకల్లా అది డైట్ పుస్తకంగా మారిపోతుంది. రెండు వారాల తర్వాత కాగితం చూస్తే తేడా పూటల్లో కనిపిస్తుంది. ఇల్లాలికి మధ్యాహ్న భోజనం 1 అంకె దగ్గర మొదలవుతున్నట్టు, మగవారికి రాత్రి భోజనం 9 దగ్గర ముగుస్తున్నట్టు తేలవచ్చు. సరిచేయాల్సింది ఆ పూటనే, రోజంతటినీ కాదు.

ఇల్లాలి విషయంలో మొదటి మార్పు పళ్లెంలో కాదు, సమయంలో. అందరితో కలిసి కూర్చోవాలి. కుదరకపోతే పదకొండు, పన్నెండు మధ్య గుప్పెడు వేరుశనగలో, గ్లాసు మజ్జిగతో ఒక గుడ్డో తీసుకోవాలి. మిగిలిన కూర, అన్నం తను కూర్చోకముందే డబ్బాలో పెట్టేస్తే, తిన్నాక గిన్నె ఖాళీ చేసే పని ఉండదు. వేగంగా తినేవారికి మార్పు వడ్డనలో. మూడు గరిటెల అన్నం తినేవారు రెండుతో మొదలుపెట్టి, పప్పు, కూర పూర్తి చేసి, పెరుగన్నానికి ముందు ఐదు నిమిషాలు ఆగాలి. కడుపు నుంచి మెదడుకు కబురు అందడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది, పది నిమిషాల్లో ముగిసే భోజనం దానికి అవకాశమే ఇవ్వదు. పళ్లెంలో ఏముందన్నదీ సంకేతాన్ని మారుస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2,000 కిలో కేలరీల పళ్లేనికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు అన్నది లెక్క. పళ్లెమంతా పాలిష్ బియ్యం అన్నమై, పప్పుచారు పేరుకే ఉంటే రెండు గంటల్లో మళ్లీ ఆకలేస్తుంది. అది దొంగ ఆకలి కాదు, మాంసకృత్తులు చాలక వచ్చిన నిజమైన ఆకలి.

మొదటి నెలలోనే మానేయాలనిపించడానికి ఒక కారణముంది. ఏళ్లుగా నిషేధించిన స్వీటో, వేపుడో ఇంట్లో ఉంచుకుంటే మొదట్లో ఎక్కువే తింటారు. ఎక్కువ డైట్లు చేసినవారిలో ఈ దశ ఎక్కువకాలం ఉంటుంది, ఒకటి రెండు కిలోలు పెరగనూ వచ్చు. అక్కడ భయపడి తిరిగి నిషేధం పెడితే మిల్క్‌షేక్ ప్రయోగం ఇంట్లోనే పునరావృతమవుతుంది. ఒక్కో పదార్థాన్ని విడిగా, వారానికి ఒకటి చొప్పున, భోజనంతో పాటే తెచ్చుకుంటే ఈ దశ తేలిగ్గా గడుస్తుంది. ఇంకో పొరపాటు ‘7 దాటకూడదు’ అని అంకెనే చట్టం చేసుకోవడం. పెళ్లి భోజనంలో 9 దాకా తినడం తప్పు కాదు, మర్నాడు ఉదయం ఆకలి ఆలస్యంగా వేస్తే ఆలస్యంగా తినడమే దానికి సర్దుబాటు. నిద్ర తగ్గితే గ్రెలిన్ పెరిగి లెప్టిన్ తగ్గుతుంది కాబట్టి, చంటిబిడ్డ తల్లులు, రాత్రి షిఫ్టు చేసేవారు ఆ రోజుల అంకెలను బట్టి ఏ నిర్ణయమూ తీసుకోకపోవడం మంచిది.

ఆకలి కోసం ఎదురుచూడకూడనివారూ ఉన్నారు. ఇన్సులిన్ లేదా గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వాడే మధుమేహులు ఆకలి లేదని భోజనం దాటేస్తే షుగర్ పడిపోతుంది, వారికి వేళే ముఖ్యం, పరిమాణంలో మాత్రం తృప్తి సంకేతాన్ని వాడుకోవచ్చు. షుగర్, బరువు తగ్గించే సెమాగ్లూటైడ్ వంటి ఇంజెక్షన్లు తీసుకునేవారికి మందే ఆకలిని అణచివేస్తుంది, మాంసకృత్తులు లెక్క చూసుకుని తినకపోతే కండ కరుగుతుంది. వయసు మీద పడి ఆకలి మందగించినవారికి, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారికి, తిండి మానేసే మానసిక వ్యాధి నుంచి కోలుకుంటున్నవారికి మొదట వేళకు తినిపించాలి, సంకేతాల సంగతి డాక్టరు, డైటీషియన్ చెప్పాకే.